పై మేకు

నల్ల గొర్రెపిల్ల కనబడకుండా పోయింది సోమవారం నాడు. ఆ రోజు తెల్లవారినప్పటి నుంచీ సన్నగా వాన పడుతూనే ఉంది.

మిల తన భర్త వానకోటు వేసుకుని వచ్చింది. చేతులు పొడవు. రెండు మడతలు పెట్టుకున్నా వేళ్ళ మీదికి దిగుతాయి. ఫిబ్రవరిలో ఆయన పోయినప్పటి నుంచీ వాన పడిన ప్రతిరోజూ ఆ కోటే వేసుకుంటోంది. బళ్ళో ఎవరూ దాని గురించి ఏమీ అనలేదు.

బడి అంటే గోడలున్నది కాదు. అడవి అంచున, గొర్రెలు పెంచే ఫొయ్తీక్ తాత పచ్చికలో నిలిపిన ఒక చక్రాల గది. లోపల ఇనుప పొయ్యి, చేతితొడుగులు ఆరేసుకునే తాడు, ఇరవై జతల బూట్లు పట్టే చెక్క అర. మిగిలిన బడంతా బయటే. పధ్నాలుగు మంది పిల్లలు, మూడేళ్ళ వాళ్ళ నుంచి ఆరేళ్ళ వాళ్ళ దాకా. పెద్దవాళ్ళు ఇద్దరు: మిల, ఆమె కన్నా పాతికేళ్ళు చిన్నవాడైన రాదిమ్.

పొద్దున్నే మొదటి పని గొర్రెలది. తాత దొడ్డిలో ఒక మూల ఆరింటిని పిల్లలకి అప్పగించాడు. ఎండుగడ్డి వెయ్యడం, తొట్టిలో ఆకులు తీసేసి నీళ్ళు పొయ్యడం, కంచెకి పట్టుకున్న ఉన్ని ఏరి సంచిలో వెయ్యడం పిల్లల వంతు. అయిదు పెద్దవి, ఒకటి పిల్ల. పిల్లకి తల్లి పాలివ్వకపోతే ఆరు వారాలు వీళ్ళే సీసాతో పట్టారు. అడవిలో కాసే ముదురు నీలి పళ్ళ రంగు కనక ఆ పళ్ళ పేరే, బొరూవ్కా అని, పెట్టింది కూడా వీళ్ళే. మనిషి చేతిలో పెరిగింది, మనిషి వెళ్ళినవైపే వెళుతుంది.

దొడ్డి గేటు రెండు అడ్డకర్రలు, ఒక తాడు. గుంజకి రెండు మేకులు. గేటు తీసి ఉన్నంతసేపూ తాడు మేకుకి వేలాడాలి. కింది మేకు పిల్లలకి, పైది పెద్దవాళ్ళకి. బళ్ళో పిల్లలు ఒక్కొక్కరికీ ఒక చెక్క బిళ్ళ ఉంది, మీద కాల్చి వేసిన బొమ్మ: ముళ్ళపంది, గుడ్లగూబ, ఉడత. చదవడం రాని పిల్లలకి అదే పేరు. గేటుకి ఎవరి బిళ్ళ వేలాడితే ఆ రోజు కాపలా వాళ్ళది. బయటికొచ్చేటప్పుడు తాడు వాళ్ళే కట్టాలి. కట్టాక పెద్దవాళ్ళొకరు ముడి మీద చెయ్యి పెట్టి, "ఉంది" అని పైకి అనాలి. ఆ మాట విన్నాకే అందరూ కదలాలి. ఈ పద్ధతి పెట్టింది మిలే. పదకొండేళ్ళయింది. ఒక్కరోజు కూడా తప్పలేదు.

సోమవారం గేటుకి నత్త బిళ్ళ వేలాడుతోంది. నత్త అంటే వెందుల.

వెందులకి అయిదేళ్ళు. శరత్కాలంలో వచ్చి చేరింది. మూసి ఉన్నది ఏదైనా సరే ఆ పిల్ల చేతికి ఆగదు. టీ ఫ్లాస్కు మూతలు, ఇతరుల టిఫిన్ డబ్బాలు, రాదిమ్ మందుల పెట్టె, చీమల పుట్ట మీద రాయి, అన్నీ తెరిచి చూడాల్సిందే. చూసి మళ్ళీ మూయదు.

గడ్డి వేసి బయటికొచ్చేసరికి వాన పెద్దదయింది. అందరికన్నా చిన్నవాడు టోనీక్ బూట్లో నీళ్ళు చేరి ఏడుస్తున్నాడు. వెందుల తాడు చేతుల్లోకి తీసుకుంది. వేళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వు లోపలికి పరిగెత్తు. నేను కడతాలే," అంది మిల.

"ఇవాళ నా వంతు కదా, మిలత్తా."

"చేతులెట్లా వణుకుతున్నాయో చూడు. పో, పొయ్యి దగ్గర కూర్చో."

వెందుల ఒకసారి తన బిళ్ళ వైపు చూసి, తాడు ఇచ్చేసి పరిగెత్తింది. మిల తాడుని పై మేకుకి వేసి, గేటుని దగ్గరికి లాగింది. కట్టడానికి కోటు చేతి మడతలు అడ్డొచ్చాయి. తడి చేతులు తుడుచుకుందామని రుమాలు కోసం కోటు లోపల తడిమితే ఒక కాగితం తగిలింది. రెండు నెలలుగా వేసుకుంటున్న కోటే. ఆ లోపలి జేబు ఒకటుందని ఆమెకి తెలియదు.

కొనాల్సినవి, ఆయన పెన్సిల్ రాత. రొట్టెకి ఈస్ట్. గోడగడియారానికి బ్యాటరీ. మిలకి గసగసాలు.

వాన చుక్క ఒకటి చివరి మాట మీద పడింది. ఆమె కాగితాన్ని మడిచింది. మళ్ళీ విప్పింది. మళ్ళీ మడిచి ఒంటికి దగ్గరగా దాచుకుంది.

"మిలక్కా, టీ పొంగిపోతోంది! టోనీక్ సాక్స్ ఎక్కడున్నాయి?" రాదిమ్ మెట్ల మీంచి కేకేశాడు.

మిల వెళ్ళిపోయింది. ముడి మీద చెయ్యి పెట్టలేదు. "ఉంది" అనలేదు.

మధ్యాహ్నం పిల్లల్ని తీసుకెళ్ళడానికి తల్లులూ తండ్రులూ వస్తున్న వేళకి ఫొయ్తీక్ తాత గట్టు దిగి వచ్చాడు. టోపీ తీసి నీళ్ళు దులిపాడు.

"టీచరమ్మా, నా క్యాబేజీ నారు మీదికి అయిదుగురు చుట్టాలొచ్చారు. ఆరోది రాలేదు. నల్లది."

"గేటు తెరిచుందా?" అన్నాడు రాదిమ్.

"బార్లా ఉంది. ఉన్నవాటిని తోలి, తాడు కట్టేసి వస్తున్నా."

"ఇవాళ నత్తది! నత్తది కాపలా!" అన్నాడు మత్యాష్. వాడికి ఆరేళ్ళు. ఎవరి వంతు ఎప్పుడో వాడికి కంఠతా వచ్చు.

మత్యాష్ తల్లి కమీలా కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ నవ్వింది. "ఆ పిల్లేనా? మొన్న మావాడి డబ్బా విప్పి బిస్కెట్లు చూసొచ్చింది కూడా ఆవిడగారేగా. చెయ్యి ఊరుకోదు తల్లికి."

పిల్లలందరూ వెందుల వైపు చూశారు. వెందుల మిల వైపు చూసింది. ఆ చూపులో భయం లేదు. తనకీ టీచరుకీ ఇద్దరికీ తెలిసిన జవాబు టీచరు ఇప్పుడు చెబుతుందని ఆగిన చూపు అది.

మిల నోరు తెరిచింది. ఎందుకు కట్టలేదని అడుగుతారు. ఏం చేస్తున్నావని అడుగుతారు. కాగితం సంగతి చెప్పాలి.

"తాడు తడిగా ఉంది. చేతులు జారుంటాయి," అంది.

ఎవరి చేతులో అనలేదు.

వెందుల తన చేతుల్ని చూసుకుంది.

తాత మిల వైపు కాసేపు చూశాడు. "పోనీలే, చిన్నపిల్లలు," అని టోపీ పెట్టుకుని గట్టెక్కాడు.

మంగళవారం వాన తెరిపిచ్చింది. బొరూవ్కాని వెతకడానికి అందరూ అడవిలోకి వెళ్ళారు. దారిలో ఆగే చోట్లు పిల్లలకి తెలుసు. ముందు పిడుగు పడిన మొద్దు, తరువాత మూడు దారుల రాయి, ఆ తరువాత వాగు మీద వంతెనలా వేసిన చెక్క పలక. అంతవరకు ఎంత వేగంగానైనా పరిగెత్తొచ్చు, అక్కడ మాత్రం ఆగి వెనకవాళ్ళ కోసం చూడాలి. ఎప్పుడూ మొద్దు దగ్గరికి మొదట చేరేది వెందుల. ఆ రోజు అందరికన్నా వెనక, మిల పక్కన నడిచింది.

"బొరూవ్కా! బో-రూ-వ్కా!" పిల్లలు పిలుస్తున్నారు. బీచ్ అనే పెద్ద అడవి చెట్ల లేతాకుల్లోంచి నీళ్ళు రాలుతున్నాయి. రాదిమ్ మెత్తటి నేల మీద జింక గిట్టల గుర్తులు చూపించి, గొర్రె గిట్టకీ దీనికీ తేడా చెబుతున్నాడు. సగంమంది కాసేపటికి గొర్రెపిల్లని మరిచిపోయి జింక వెంట పడ్డారు.

"తలుపుల వెందుల! తలుపుల వెందుల!" అని పాడాడు మత్యాష్. ఇంకో ఇద్దరు అందుకున్నారు.

"మత్యాష్, చాలు," అంది మిల.

"నిజమే కదా, మిలత్తా? నువ్వే అన్నావుగా, చేతులు జారాయని."

మిల వంగి టోనీక్ బూటు లేసు కట్టసాగింది. లేసు కట్టే ఉంది.

పదింటికి వాగు పలక దగ్గర కూర్చుని రొట్టెలు తిన్నారు. కొవ్వు రాసి పైన ఉల్లిపాయ చక్రాలు పెట్టిన రొట్టె. మిల కోతచెక్క ఒళ్ళో పెట్టుకుని రొట్టె కోస్తూ వెందులని గమనించింది. ఆ పిల్ల ఫ్లాస్కులోంచి టీ పోసుకుని, మూత పెట్టి, గట్టిగా తిప్పి, తలకిందులు చేసి చూసింది. మళ్ళీ తిప్పింది. సంచీ తాళ్ళు ముడి వేసింది, ముడి మీద ముడి. పక్కనున్న అమ్మాయి సంచీ నోరు తెరిచి ఉంటే అదీ లాగి కట్టింది. ఆఖరికి తన సంచీలో రొట్టె ఉండిపోయింది, ముడి విప్పుకోలేకపోయింది. ఎవరినీ అడగలేదు. ఊరికే కూర్చుంది.

మిల తన రొట్టెలో సగం ఇచ్చింది.

"వద్దు. ఆకలి లేదు," అంది వెందుల.

మధ్యాహ్నం వెందుల తల్లి రెనాటా పెందలాడే వచ్చింది. కొండ మీది హోటల్లో గదులు శుభ్రం చేస్తుంది. పని గౌను మీదే పైన కోటు వేసుకుంది. చేతిలో తువ్వాలు కప్పిన పళ్ళెం.

"టీచర్ గారూ, ఏమనుకోకండి," అంది. "రాత్రి దాన్ని బాగా కేకలేశాను. ఇంట్లో బీరువాలూ అంతే, ఒక్కటి మూయదు. కానీ ప్రాణమున్న జీవి కదా, దానికది అర్థం కావాలి. ఆ తాతగారికి కేకు చేశాను. దీని చేత్తోనే ఇప్పిస్తాను, క్షమించమని దీని నోటితోనే అడిగిస్తాను. తప్పేనంటారా?"

మిలకి ఇది రెండో అవకాశం. ఆ సంగతి ఆమెకి అప్పుడే తెలుసు.

"అంత అవసరం లేదు, రెనాటా. చిన్నపిల్ల."

"చిన్నప్పుడే నేర్పాలి. మీరు మంచివారు గనక అలా అంటారు."

పచ్చిక గట్టు మీదికి ఇద్దరూ ఎక్కుతుంటే మిల చక్రాల గది మెట్ల మీద నిలబడి చూసింది. పళ్ళెం వెందుల రెండు చేతుల్లో ఉంది. కేకు జారకుండా అడుగు తీసి అడుగు వేస్తోంది. దొడ్డి గేటు దగ్గరికి వచ్చినప్పుడు దానికి బాగా ఎడంగా, కంచె ఆ చివర నుంచి చుట్టు తిరిగి వెళ్ళింది.

బుధవారం పిల్లలు వెళ్ళిపోయాక తాత కబురు పెట్టాడు. వాగు దిగువన పాత కంచె తీగలో కాలు ఇరుక్కుని ఉంది బొరూవ్కా. వానకి వాగు పొంగి ముంచేసింది. అంతే.

మిల గట్టెక్కి వెళ్ళేసరికి తాత పాక ముందు గొర్రెల పెరిగిన గిట్టలు చెక్కుతున్నాడు. పెద్ద గొర్రెని పిర్రల మీద కూలేసి, వీపు తన మోకాళ్ళకి ఆనించుకున్నాడు. అలా కూర్చోబెడితే గొర్రె గింజుకోదు, బుద్ధిమంతురాలిలా ఆకాశం చూస్తుంది.

"వచ్చావా? ఆ ముందుకాలు పట్టుకో. అట్లా కాదు, కీలు దగ్గర."

మిల పట్టుకుంది. గిట్ట అంచున పెరిగిన గోరు తెల్లటి పెచ్చుగా రాలింది. తాత కత్తి కొసతో మట్టి తీసి, వేలితో నొక్కి చూసి, ఇంకో పలుచటి పెచ్చు తీశాడు.

"ఎక్కడ పెట్టారు దాన్ని?"

"అడక్కు. పిల్లలడిగితే అడవిలో అని చెప్పు. అబద్ధం కాదు."

ఇంకో కాలు. మిల ఉన్నిలోకి చూస్తూ అంది. "ఫొయ్తీక్ గారూ, సోమవారం గేటు నేను కట్టలేదు. వెందుల కాదు. దాన్ని లోపలికి పంపేసి నేనే కడతానన్నాను."

"తెలుసు," అన్నాడు తాత.

కత్తి ఆగలేదు.

"తాడు పై మేకుకి ఉంది," అన్నాడు. "ఆ బుడ్డది నిచ్చెనేసుకున్నా దానికి అందదు. మీ రాదిమ్ కుర్రాడు చూసేలోపు తీసి కట్టేశాను."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెబుతావని చూశాను. అక్కడ నిలబడి చూశాను, కాదూ? సరే, అందరి ముందూ కదా, రేపు చెబుతుందిలే అనుకున్నాను." కాలు వదిలి గొర్రెని లేపాడు. అది ఒళ్ళు దులుపుకుని, ఏమీ జరగనట్టు గడ్డి దగ్గరికి పోయింది. "ఆ రేపు వచ్చేసరికి కేకొచ్చింది."

మిల నేల మీద రాలిన గిట్ట పెచ్చుల్ని ఏరింది.

"పిల్ల గుమ్మంలో నిలబడి, 'తాతా, ఇంకెప్పుడూ తియ్యను' అంది. తల్లి వెనక నుంచి వీపు మీద వేలితో పొడుస్తోంది, ఇంకా చెప్పవే అని. నేనేం చేశాను? 'సర్లేమ్మా' అన్నాను. కేకు పుచ్చుకున్నాను. బాగుంది, ఎండుద్రాక్ష వేసింది. రెండు ముక్కలు తిన్నాను." కత్తి ప్యాంటుకి తుడిచి ముడిచాడు. "మూడోది తినబుద్ధి కాలేదు. కోళ్ళకేశాను. కాబట్టి నన్ను అడక్కు, టీచరమ్మా. తప్పు చేసినవాళ్ళ బల్ల మీద నేనూ నీ పక్కనే కూర్చున్నాను."

"రేపు పిల్లలందరికీ చెబుతాను."

"చెప్పు." కాస్త ఆగి, మిల కోటు చేతుల వైపు గడ్డంతో చూపించాడు. "ఆ చేతులు కత్తిరించి కుట్టించుకో. ఆయనేం అనుకోడు."

గురువారం పొద్దున దుంగల మీద అందరూ గుండ్రంగా కూర్చున్నారు. అక్కడ మాట్లాడాలంటే చేతిలో పైన్ చెట్టు ఎండుకాయ ఉండాలి. కాయ ఉన్నవాళ్ళు చెబుతారు, మిగతావాళ్ళు వింటారు. రోజూ అది చిన్నవాళ్ళ దగ్గర మొదలవుతుంది. ఆ రోజు మిల తీసుకుంది. రాదిమ్‌కి ముందే చెప్పింది. అతను "అయ్యో అక్కా" అన్నాడు, అంతే.

"బొరూవ్కా దొరికింది," అంది. "చనిపోయి దొరికింది. వాగులో."

టోనీక్ వేలు నోట్లో పెట్టుకున్నాడు. ఒక అమ్మాయి, "ఇప్పుడు చలేస్తోందా దానికి?" అని అడిగింది. "లేదు, ఇంక చలి వెయ్యదు," అంది మిల. కాయ పొలుసులు ఆమె అరచేతిలో గుచ్చుకుంటున్నాయి.

"ఇంకొకటి. సోమవారం గేటు కట్టకుండా వదిలేసింది వెందుల కాదు. వెందులని నేనే లోపలికి పంపేశాను, కడతానని చెప్పి కట్టలేదు. ముడి మీద చెయ్యి పెట్టలేదు. తరువాత అందరూ వెందుల అంటుంటే విని ఊరుకున్నాను. ఊరుకోవడం ఇంకా పెద్ద తప్పు. వెందులా, నన్ను క్షమించు."

మత్యాష్‌కి కాయ కోసం ఆగే ఓపిక లేకపోయింది.

"అయితే నువ్వే చంపేశావా, మిలత్తా?"

"నా వల్లే పోయింది."

"మరి మేం దాన్ని ఊరికే తలుపుల వెందుల అన్నామా?"

"ఊరికే అన్నారు."

మత్యాష్ దీని గురించి ఆలోచించాడు. లేచి వెళ్ళి, వెందుల ముందు తన జేబులోంచి ఒక నత్తగుల్ల తీసి దుంగ మీద పెట్టాడు. వచ్చి కూర్చున్నాడు.

మిల కాయని వెందుల చేతిలో పెట్టింది. వెందుల దాన్ని అటూ ఇటూ తిప్పింది. గుల్ల వైపు చూడలేదు.

"కాదు," అంది.

"ఏం కాదమ్మా?"

"నేనే కట్టాను. తాడు తడిగా ఉంది. నా చేతులు జారాయి."

"లేదు, వెందులా. గుర్తు తెచ్చుకో. నువ్వు తాడు నాకిచ్చావు. నేను పొమ్మన్నాను, నువ్వు పొయ్యి దగ్గరికి పరిగెత్తావు."

"నువ్వు పొమ్మన్నావు. నేను పోలేదు. కట్టాను." ఆ పిల్ల కళ్ళు మూసుకుంది, బాగా చూసి చెప్పడానికన్నట్టు. "ఇట్లా కట్టాను. చల్లగా ఉంది. జారిపోయింది. నేను చూశాను."

పిల్లలు మిల వైపు చూశారు. ఎవరి మాట నిజమో టీచరు చెబుతుందని చూశారు. ఆమె చెప్పింది కూడా, రెండోసారి, ఇంకా నెమ్మదిగా. వెందుల విని తల అడ్డంగా ఊపింది. దుంగ దిగి వచ్చి, పెద్ద కోటు చేతి మడత జారి ఉంటే దాన్ని రెండు చేతులా పైకి మడిచింది.

"నువ్వు ఏడవకు, మిలత్తా. ఈసారి గట్టిగా కడతాను," అంది.

మధ్యాహ్నం తల్లులూ తండ్రులూ ఉండగానే మిల అదే మళ్ళీ చెప్పింది. కమీలా కారు తాళాలు సంచీలో వేసుకుని నేల చూసింది.

"నేను దాన్ని నాలుగుసార్లు అడిగాను," అంది రెనాటా. "ముందు మూడుసార్లూ 'మిలత్త కడతానంది' అనే చెప్పింది. టీచరు మీద చాడీలు చెబుతావా అని మూతి మీద ఒక్కటిచ్చాను. నాలుగోసారి 'నేనే' అంది. హమ్మయ్య, నిజం ఒప్పుకుంది అనుకున్నాను." కూతురి టోపీ తాళ్ళు కడదామని వంగింది. అవి అప్పటికే కట్టి ఉన్నాయి, ముడి మీద ముడి. "నేనిప్పుడు ఇంటికెళ్ళి దానికేం చెప్పను, టీచర్ గారూ?"

"నాకు తెలీదు," అంది మిల.

శుక్రవారం ఎండ కాసింది. గుడ్లగూబ బిళ్ళ వంతు. గుడ్లగూబ పిల్లవాడు తాడు కట్టాడు. మిల ముడి మీద చెయ్యి పెట్టి, "ఉంది," అంది. అందరూ కదిలారు. వెందుల ఆగి, కంచె ఇవతల నుంచి ఆ ముడినే చూస్తూ నిలబడింది. మొద్దు దగ్గర మిగతావాళ్ళు వాళ్ళిద్దరి కోసం చూస్తున్నారు.

"వెందులా, వస్తావా? నీ వంతు నీకిచ్చేస్తాను. సోమవారంది బాకీ ఉంది నీకు. ఇవాళ ఇంటికెళ్ళే ముందు గేటు నువ్వు కడతావా?"

వెందుల చేతులు వెనక్కి పెట్టుకుంది.

నత్త బిళ్ళ ఇప్పటికీ చక్రాల గదిలో, పొయ్యి పక్క గోడకే ఉంది. గేటు తాడు వెందుల ఇంకా ముట్టుకోలేదు.